శస్త్రవైద్యుడు లారే

ప్రమాదము జరిగిన చోటికి 108 బండి పరుగున వచ్చుటయు, ఆసుపత్రి చేరకముందే అందలి సిబ్బంది గాయమునకు కట్టు కట్టుటయు మన బాలబాలికలకు వింత గాదు. తెలుగునాట ఆ బండి 2005లో బయలుదేరినది. కాని వైద్యమే రోగి యొద్దకు పోవలెనను తలంపు అంతకంటె మిక్కిలి పాతది. దానిని యుద్ధభూమిలో ఆచరణమునకు దెచ్చిన డొమినిక్ జాఁ లారే చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

లారే 1766 జూలై 8వ తేదీని ఫ్రాన్సు దేశమున పిరనీసు పర్వతప్రాంతమందలి యొక పల్లెలో జన్మించెను. 13వ యేట టూలూజు నగరమున శస్త్రవైద్యుడుగా నుండిన తండ్రి సోదరుని చెంతకు చేరి, ఆ విద్య నభ్యసించెను. పిమ్మట ఓడపై వైద్యుడుగా ఉత్తర అమెరికా తీరమునకు పోయివచ్చి, పారిస్ నగరమున చదువు కొనసాగించెను.

1792లో ఆయన రైను నదీతీరపు సేనలో చేరెను. ఆనాటి నిబంధన ప్రకారము వైద్యుల బండ్లు రణరంగమునకు సుమారు ఒక కోసు దూరమున వెనుకనే నిలువవలెను. పోరు ముగిసినగాని క్షతగాత్రుల నెత్తువారు లేరు. అందుచేత ఒక పగలు, ఒక రాత్రి, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వారు నేలపై నెత్తురోడుచు పడియుండెడివారు. చికిత్సకు లొంగదగిన గాయములే ఆలస్యమువలన మృత్యువునకు ద్వారములగుచుండెను. గుఱ్ఱములు లాగు తేలిక ఫిరంగులు క్షణములో ఒకచోటినుండి మరియొకచోటికి మారుట లారే కంటబడెను. ఫిరంగికి సాధ్యమైన వేగము వైద్యునికేల సాధ్యము గాదని ఆయన యోజించి, పై యధికారుల సమ్మతిని బొంది, తేలికబండ్లు కట్టించెను. వానికి ఎగిరెడి అంబులెన్సులని పేరు.

1797లో ఇటలీయందు ఈ యేర్పాటు సంపూర్ణరూపము దాల్చెను. మైదానములకు రెండు గుఱ్ఱములు లాగు రెండు చక్రముల బండి, కొండదారులకు నాలుగు గుఱ్ఱములు లాగు నాలుగు చక్రముల బండి. చిన్నదానిలో ఇద్దరు పండుకొనవచ్చును. కుదుపు తగ్గించుటకు స్ప్రింగులును, లోపల పరుపును, గాలికి కిటికీలును ఉండెను. వైద్యులేగాక కట్లు కట్టువారును, మోయువారును, గుఱ్ఱములకు నాడాలు కొట్టువారును కూడ ఆ దళమునకు జేరినవారే. మొత్తము 340 మంది. ఈజిప్టు ఇసుకలో చక్రములు నడువకుండగా, లారే ఒంటెకు ఇరుప్రక్కల పెట్టెలు వ్రేలాడగట్టి అందు గాయపడినవారిని పరుండబెట్టించెను.

బండ్లకంటెను ఆయన పెట్టిన వరుస గొప్పదని మా యభిప్రాయము. ఎవని గాయము ప్రమాదకరమో వానికే ముందు చికిత్స. సేనాపతియైనను, సిపాయియైనను, శత్రువైనను సరియే. ఈ నియమము మాటలతో నిలువలేదు. 1809లో డాన్యూబు నదిలోని లోబావు దీవియందు క్షతగాత్రులకు ఆహారము లేనందున, లారే అధికారుల గుఱ్ఱములను సయితము చంపించి, సైనికుల యుక్కు కవచములనే పాత్రలుగా జేసి, ఉప్పునకు మారుగా తుపాకిమందు వేసి పులుసు కాచించెను. గుఱ్ఱములు పోగొట్టుకొన్నవారు నెపోలియన్ చక్రవర్తితో మొఱపెట్టుకొనిరి గాని, ఆయన లారేనే సమర్థించెను.

1812లో రష్యా దేశపు బొరొడినో పోరున లారే ఒక్కదినములో సుమారు 200 అవయవచ్ఛేదనములు చేసెను. ఈథరు మత్తు లోకమునకు తెలియుటకు ఇంకను 34 ఏండ్లు కలవు. చేతి వేగమే రోగికి దయ. ఆ యేటనే తిరుగుదారిలో బెరెజీనా నదివద్ద జనము వంతెనపై త్రొక్కిసలాడుచుండగా, సిపాయిలు ఆయనను గుర్తించి, చేతులమీదుగా ఆవలి యొడ్డునకు దాటించిరి.

1815లో వాటర్లూ యుద్ధానంతరము లారే ప్రష్యావారి చేత జిక్కెను. కాల్చివేయుటకు ఏర్పాట్లు జరుగుచుండగా ఒక జర్మను వైద్యుడు ఆయన నానవాలు పట్టెను; పూర్వమాతడు లారే ఉపన్యాసములు విన్నవాడు. సేనాని బ్లూకరు కుమారుడు మునుపు గాయపడి పట్టుబడినపుడు లారేయే వానికి చికిత్స చేసియుండెను. సేనాని ఆయనను గౌరవముతో విడిపించెను.

నెపోలియన్ తన మరణశాసనములో లారేను తా నెఱిగినవారందరిలోను మిక్కిలి సద్గుణశాలిగా బేర్కొని, లక్ష ఫ్రాంకులు విడిచెను. లారే 1842లో అల్జీరియా ఆసుపత్రులను తనిఖీచేసి తిరిగివచ్చుచు, జూలై 25వ తేదీని లియోను నగరమున మరణించెను. ఆయన భార్య అంతకు కొలది దినములకు ముందే కన్నుమూసియుండెను. ఆయన యవశేషములను 1992లో పారిస్‌లోని ఇన్వాలీదు భవనమునకు మార్చిరి. నెపోలియన్ సమాధియు నచ్చటనే కలదు.