టోపీ విసిరికొట్టిన పాదిరి
ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెస్ వంశంలో 1773లో పుట్టిన లార్డ్ ఫ్రెడరిక్ బ్యూక్లెర్క్ హెర్ట్‌ఫోర్డ్‌షైర్‌లో చర్చి పాదిరి. క్రికెట్‌లోనూ మేటి. పేరుకు ఔత్సాహిక ఆటగాడే అయినా, పందేల మీద ఏటా 600 గినీలు సంపాదిస్తానని గొప్పలు చెప్పుకునేవాడు. ఒకసారి టామ్ వాకర్ అనే పల్లెటూరి ఆటగాడు ఆయన వేసిన బంతులన్నీ నిదానంగా అడ్డుకుంటుంటే, కోపం పట్టలేక టోపీ తీసి నేలకేసి కొట్టాడు. వాకర్ మాత్రం చలించలేదు. బ్యూక్లెర్క్ 1826లో ప్రఖ్యాత ఎంసీసీ క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు, 1850లో మరణించాడు. ఆయన ఆట, పందేలు, కోపం చరిత్రకెక్కాయి. పరిచర్య మాత్రం ఒక్క వాక్యంతో ముగిసిపోయింది. మా ప్రసంగాలు మరచిపోయినా మా ముక్కోపాన్ని విశ్వాసులు మరచిపోరు. సహనాన్ని బోధించే దైవసేవకులమైన మాకు ముందుగా ఇది హెచ్చరిక!