10-1 ఓటమి తర్వాతా ఆయనే కోచ్

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో భారత ఫుట్‌బాల్ జట్టు 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. ఈ రోజుల్లో అయితే కోచ్ ఉద్యోగం ఆ సాయంత్రానికే ఊడేది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ మాత్రం నిలిచారు. మారింది కోచ్ కాదు, కాళ్లు: బూట్లు తప్పనిసరి అయ్యాయి.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం కూడా ఆయన హయాంలోదే. హెల్సింకి తర్వాత ఆయన్ను కాపాడింది బహుశా ఈ గెలుపులే.

ఆ ఓపికకు ఫలం 1956 మెల్‌బోర్న్‌లో దక్కింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన భారత్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో డ్రా చేసుకున్నా గ్రూపులో అట్టడుగునే మిగిలింది. అయినా రహీమ్ కదల్లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. పైగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా దింపారు. తెగింపే అది. జర్నైల్ సెమీస్‌లోనూ, అదే కొరియాతో ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.