విశ్వేశ్వరయ్యగారూ – మా ఆరో గుంటా

మా ఇల్లు మెట్టుగూడలో. నల్లా తిప్పితే నీళ్లు రావాలన్న యావే తప్ప, ఆ నీళ్లు ఎవరి పొలాల కిందుగా వస్తాయో ఇంజనీరింగులో చేరేదాకా నేను ఆలోచించిన పాపాన పోలేదు.

మూడో సంవత్సరం సెలవుల్లో ఒక పైపులైను సర్వేకు శిక్షణగా వెళ్లాను. చేల వెంట కొంత దూరానికొక గుంట తవ్వించి, ఎంత లోతున ఏ మన్ను ఉందో, నీరెక్కడ తగిలిందో రాసుకోవడం మా పని. ఆరో గుంట దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలింది. కూలీలు అలిసిపోయారు. ఐదో గుంట లెక్కనే ఆరోదానికీ ఎక్కించి సంతకం పెట్టేశాను. అక్కడ అడుగున నల్లరేగడి ఉందనీ, ఎండాకాలం కాలు దిగేంత పగుళ్లిస్తుందనీ చేను గల ఆసామి చెబుతూనే ఉన్నాడు. నేను వినిపించుకోలేదు.

ఆ రాత్రి కాలక్షేపానికి తెరిచిన పుస్తకం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితం.

పూర్వీకులది మన మోక్షగుండం. ఆయన పుట్టింది మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివి, పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. ఇప్పటి పాకిస్తాన్‌లోని సక్కర్ పట్టణానికి సింధునది నీళ్లివ్వాలి. వడపోత కట్టడాలకు అక్కడి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నది గర్భంలోనే, ఒడ్డుకు దగ్గరగా, గుండ్రటి బావి తవ్వించారు. ఇసుకే నీటిని వడగట్టింది. నేల గుణం తెలిసినవాడికే తట్టే ఉపాయమది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టనబెట్టుకుంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలవగా ఆయన వచ్చారు. వస్తూనే గోడల నక్షాలు గీయలేదు. వానల లెక్కలు పోగుచేశారు. ఎగువనున్న చెరువులు లెక్కించారు: 788. అందులో 221 తెగాయి. అంటే జబ్బు ఊళ్లో లేదు, ఎగువన ఉంది. అందుకే అక్కడ రెండు జలాశయాలు కట్టమన్నారు. ఇతరుల చేతులమీదుగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా చేశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నిండు నూరేళ్లూ దాటి, కన్నుమూశారు.

పుస్తకం మూసినా నిద్ర పట్టలేదు. 788 చెరువులు లెక్కపెట్టిన మనిషెక్కడ, ఒక్క గుంటకు బద్ధకించిన నేనెక్కడ!

తెల్లవారగానే పైఅధికారికి నిజం చెప్పేశాను. చీవాట్లు పడ్డాయి. ఆరో గుంట తవ్వించాం. నాలుగడుగుల్లోనే నల్లరేగడి బయటపడింది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఆ మట్టిలో గొట్టం అతుకులు కదిలితే, అక్కడ ఆసామి చేను ఊటగుంటవుతుంది. ఇక్కడ మెట్టుగూడలాంటి చోట అమ్మల బిందెలు వెలితి పడతాయి. ఆసామి పక్కనే నిలబడి చూశాడు. నన్నొక్క మాటా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మిత్రులారా! ఏటా సెప్టెంబరు 15న ఆయన పటానికి దండ వేస్తూనే ఉన్నాం. ఆ దండతోపాటు, తవ్వని గుంటకు సంతకం పెట్టబోమని మనలో మనం ఒట్టు పెట్టుకుంటే ఆయనకు అంతకన్న పూజ లేదు.