నాడీవైద్య పితామహుడు షార్కో

పారిస్ నగరంలోని సాల్‌పెట్రియేర్ వైద్యశాల పూర్వం తుపాకిమందు నిలువచేసిన స్థలం. పిమ్మట అది దిక్కులేని స్త్రీలకు, దీర్ఘరోగులకు ఆశ్రయమైంది. వేలకొలది అభాగ్యులు ఏళ్ల తరబడి అక్కడ మంచాలపై పడి ఉండేవారు. 1862లో అక్కడ వైద్యుడుగా చేరిన జాన్ మార్టిన్ షార్కోకు మాత్రం అది తరగని విజ్ఞాన భాండాగారంగా తోచింది. ఆయన 1825 నవంబరు 29న అదే నగరంలో, బండ్లు తయారుచేసే వారింట జన్మించారు.

రోగిని బ్రతికి ఉండగా ఏళ్ల తరబడి పరిశీలించడం, మరణానంతరం మెదడును, వెన్నుపామును పరీక్షించడం ఆయన పద్ధతి. ఆయన ఇంట చేతులు వణికే పనికత్తె ఒకతె ఉండేదని, ఎన్ని పింగాణీ పళ్లేలు పగిలినా ఆమెను తొలగించలేదని చెబుతారు. ఆమె మరణించిన పిదప చూడగా నాడీమండలంలో గట్టిపడిన మచ్చలు కనిపించాయట.

అటువంటి మచ్చలను కార్స్‌వెల్, క్రువేల్యే అనే వైద్యులు అంతకు సుమారు ముప్పై ఏళ్ల ముందే చిత్రించారు. వాటిని రోగలక్షణాలతో ముడిపెట్టి, 1868లో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను ప్రత్యేక వ్యాధిగా నిరూపించిన ఘనత షార్కోది. పార్కిన్సన్ వ్యాధిలో చేయి ఊరక ఉన్నప్పుడు వణుకుతుంది. ఇందులో వస్తువును అందుకోబోయినప్పుడు వణుకుతుంది. ఎంత చిన్న భేదం!

నాడీతంతువును కప్పిన మైలిన్ పొర నశించినా లోపలి తంతువు తరచు మిగిలి ఉండడం, కొవ్వు బిందువులతో నిండిన కణాలు అక్కడ చేరడం ఆయన సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ కణాలను పిలిచినదేమిటో చెప్పగల శాస్త్రం నాటికి పుట్టలేదు. వెండి, బంగారు లవణాలు వాడి చూసి, ఫలితం లేదని దాపరికం లేకుండా ప్రకటించారు. హిస్టీరియా రోగులను సభలో ప్రదర్శించడం మాత్రం ఆయన కీర్తికి మచ్చయేనని నా అభిప్రాయం. 1893 ఆగస్టు 16న ఆయన మరణించారు.

తెల్లరక్తకణాలు సైటోకైన్‌లనే రసాయనాల ద్వారా పరస్పరం సందేశాలు పంపుకుంటాయని తరువాతి తరాలవారు కనుగొన్నారు. వాటిలో ఒకటైన గామా ఇంటర్‌ఫెరాన్‌ను 18 మంది రోగులకు ఇచ్చి చూడగా 7 గురికి వ్యాధి తిరగబెట్టిందని 1987లో తేలింది. దాని సోదరి వంటి బీటా ఇంటర్‌ఫెరాన్ తిరగబెట్టడాన్ని తగ్గించింది. అమెరికాలో దానికి అనుమతి లభించిన సంవత్సరం 1993, షార్కో నిర్యాణానికి సరిగా నూరేళ్లు. వ్యాధిని నయంచేసే మందు మాత్రం అది కాదు. ఆయన శవపరీక్షదాకా వేచి చూసిన మచ్చలు నేడు ఎం.ఆర్.ఐ. చిత్రంలో, రోగి ఇంకా నడుస్తుండగానే కనిపిస్తున్నాయి.