బీదలకు పొదుపు నేర్పిన కాపరి



స్కాట్లండు దేశపు దక్షిణ భాగమున, డంఫ్రీస్ ప్రాంతములో రూత్‌వెల్ అను పల్లె కలదు. 1799లో హెన్రీ డంకన్ గారు అచ్చటి సంఘమునకు కాపరియైరి. యౌవనమున లివర్‌పూలు పట్టణములో బ్యాంకు పని చేసినవారు. రోగము వచ్చినను, పని లేకపోయినను పల్లెలోని కూలివారు ఇతరుల ధర్మముపై ఆధారపడుట చూచి ఆయన బాధపడిరి. బీదవానికి అన్నముతోపాటు గౌరవమును కావలెనని యెరిగిరి.

ఆ కాలపు బ్యాంకులు పది పౌండ్లకు తక్కువ సొమ్ము పుచ్చుకొనెడివి కావు. అందుచేత 1810లో ఆయన రూత్‌వెల్‌లో పొదుపు బ్యాంకు స్థాపించి, ఆరు పెన్నీలు తెచ్చినవారి సొమ్మును సైతము చేర్చుకొని వడ్డీ యిచ్చు ఏర్పాటు చేసిరి. మొదటి సంవత్సరములోనే 151 పౌండ్లు చేరెను. ఆ మాదిరిని చూచి ఇతర స్థలములలోను ఇట్టి బ్యాంకులు వెలసెను.

కాపరుల నియామకములో భూస్వాముల పెత్తనము కూడదను వివాదముచే 1843లో స్కాట్లండు సంఘము చీలెను. అప్పుడు డంకన్ గారు మనస్సాక్షి ననుసరించి, 40 ఏండ్లకు పైగా నివసించిన కాపరి గృహమును, జీతమును విడిచి వెలుపలికి వచ్చిరి. 1846లో ప్రభువునందు నిద్రించిరి.

వేసవిలో ఆహారము సిద్ధపరచుకొను చీమను సామెతల గ్రంథము మనకు చూపుచున్నది. కూడబెట్టుట నేర్పిన ఈ కాపరి, ప్రభువు కొరకు విడిచిపెట్టుటయు ఎరిగియుండెను. మనమును రేపటికై కొంచెము దాచుకొందము. అయితే మన హృదయము ఆ సొమ్మునందు చిక్కుకొనకుండ ప్రార్థింతము.