శశిరేఖ కానన్‌లో ఉందా? – పింగళి నాగేంద్రరావు

మా హాస్టల్‌లో స్పైడర్‌మ్యాన్ పెళ్లి లొల్లి ఇంకా ఒడవలేదు. 1987లో కామిక్స్‌లో పీటర్‌కూ మేరీ జేన్‌కూ పెళ్లి చేశారు. 2007లో మొదలైన ఒక్క కథతో ఆ పెళ్లి జరగనే లేదన్నారు. మరి ఏది అసలు చరిత్ర?

జమ్మికుంటలో మా ఇంట్లో ఇదే లొల్లి ఇంకో పేరుతో నడుస్తది. టీవీలో ‘మాయాబజార్’ వచ్చినప్పుడల్లా భారతంలో శశిరేఖ ఎక్కడుందని తాత అడుగుతడు. నానమ్మ మాత్రం ఛానల్ మార్చనియ్యది. ఆ సినిమాకు కథ, మాటలు, పాటలు రాసింది పింగళి నాగేంద్రరావు.

ఆయన కూడా మన ఇంజినీరింగ్ మనిషే. 1901 డిసెంబర్ 29న బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టి, మచిలీపట్నంలో పెరిగారు. అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో మెకానికల్ చదివి, ఖరగ్‌పూర్‌లో కొంతకాలం రైల్వే పని చేశారు. అది వదిలేసి బందరుకు వచ్చి నాటకాలు రాశారు. సినిమాల్లో పేరు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ‘గుణసుందరి కథ’ వచ్చిన 1949 నాటికి ఆయనకు దాదాపు 48 ఏళ్లు. 1951లో ‘పాతాళ భైరవి’, 1957లో ‘మాయాబజార్’. మూడింటికీ దర్శకుడు కె.వి.రెడ్డి.

తాత మాట నిజమే. వ్యాస భారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురు లేదు. అభిమన్యుడి భార్య ఉత్తర. అయితే శశిరేఖను పుట్టించింది పింగళి కాదు. 1936లోనే ‘శశిరేఖా పరిణయం’ సినిమాగా వచ్చింది. తమిళంలో ఆమె వత్సల, హిందీలో సురేఖ. జనం ఎప్పటినుంచో చెప్పుకుంటున్న కథ అది.

పింగళి గొప్పతనం ఆ కథను భారతంలో ఎక్కడ కూర్చోబెట్టారన్న దాంట్లో ఉంది. పాండవులు అడవికి పోయాక సుభద్ర, అభిమన్యుడు ద్వారకలో ఉంటారు. ఆ ఏళ్లలో అక్కడ ఏం జరిగిందో భారతం పెద్దగా చెప్పదు. సినిమా కథ చాలావరకు ఆ ఖాళీలోనే నడుస్తది. పాండవులు ఐదుగురిలో ఒక్కరు కూడా తెర మీద కనిపించరు. వాళ్లు వస్తే కథను జూదం, యుద్ధం వైపు లాగేస్తారు. రానియ్యలేదు కాబట్టి ఘటోత్కచుడు హాయిగా మాయా శశిరేఖ అయిపోయి కౌరవులను ఆడించాడు. పాత కథలో ఒక్క సంఘటన కూడా చెరపాల్సిన పని పడలేదు. కామిక్స్‌లో పీటర్ పెళ్లిని చెరిపేశారు, పింగళి మాత్రం ఏదీ చెరపకుండా ఒక పెళ్లిని కలిపారు. రెండింటికీ అదే తేడా.

ఆ సినిమాలో రాక్షసుల కోసం ఆయన పుట్టించిన ‘తసమదీయులు’ అనే మాట ఇప్పటికీ పేపర్లలో కనిపిస్తది.

ఎంతోమందికి తెర మీద పెళ్లిళ్లు చేసిన పింగళి తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. 1971 మే 6న చనిపోయారు.

పోయిన సెలవుల్లో ఇదంతా తాతకు చెప్పిన. అంతా విని, మరి ఉత్తరకు ఈ సంగతి తెలుసా అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు.