ఓర్పే ఆయుధంగా: గులాం అహ్మద్

క్రీడారంగంలో కీర్తి సాధారణంగా విజేతలనే వరిస్తుంది. ఓడిపోతున్న జట్టులో నిలిచి తన విధిని లోపం లేకుండా నెరవేర్చినవారి పేరు త్వరలోనే మరుగున పడిపోతుంది. అట్టివారిలో హైదరాబాదు ముద్దుబిడ్డ గులాం అహ్మద్ ఒకరు.

ఆయన 1922 జూలై 4న హైదరాబాదులో జన్మించారు. 1939-40లో రంజీ పోటీలలో మద్రాసుపై ఆడిన తొలి మ్యాచిలోనే 9 వికెట్లు పడగొట్టి పెద్దల దృష్టి నాకర్షించారు. ఆయనది ఆఫ్ స్పిన్. అనగా బంతి నేలను తాకి, కుడిచేతి ఆటగాని వైపు లోపలికి తిరుగుతుంది. వేగంతో భయపెట్టే విద్య కాదిది. పదేపదే ఒకే చోట బంతిని పడవేసి, ఎదుటివాని సహనాన్ని పరీక్షించే విద్య. 1950-51లో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్సులో ఆయన 555 బంతులు వేశారు. ఈనాడు టెస్టులో ఒక రోజంతటికీ జట్టు వేయవలసిన ఓవర్లు 90 కాగా, ఆయన ఒక్కరే 92 ఓవర్లకు మించి వేశారన్నమాట! అంత శ్రమకు దక్కిన ఫలం 4 వికెట్లు.

1948 డిసెంబరు 31న కలకత్తాలో వెస్టిండీస్‌పై ఆరంభమైన టెస్టుతో ఆయన భారత జట్టులో ప్రవేశించారు. 1952లో మద్రాసులో ఇంగ్లండుపై భారతదేశం తొలి టెస్టు విజయం సాధించినపుడు, రెండవ ఇన్నింగ్సులో 4 వికెట్లు ఆయనవే. అదే ఏడు లీడ్స్‌లో 63 ఓవర్లు వేసి, 100 పరుగులిచ్చి 5 వికెట్లు తీశారు. అయినా జట్టు ఓడింది. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై 49 పరుగులకే 7 వికెట్లు, మ్యాచిలో మొత్తం 10 వికెట్లు తీశారు. అపుడును 94 పరుగుల తేడాతో పరాజయమే ఎదురైనది.

బ్యాటుతోనూ ఒకనాడు ఆయన ఓర్పు ఫలించింది. 1952లో ఢిల్లీలో పాకిస్తాన్‌పై హేమూ అధికారితో కలిసి చివరి వికెట్టుకు 109 పరుగులు జోడించారు. భారత జట్టు తరఫున ఆ రికార్డు 2004 వరకు చెక్కుచెదరలేదు.

నాయకత్వం మాత్రం ఆయనకు కలిసిరాలేదు. 1955లో హైదరాబాదు ఫతే మైదానంలో జరిగిన తొలి టెస్టుకు సొంత ఊరివారి యెదుటనే నాయకుడైన గౌరవం దక్కింది. కాని 1958-59లో వెస్టిండీస్ చేతిలో వరుసగా రెండు ఓటములు సంభవించాయి. రెండవది ఇన్నింగ్సు 336 పరుగుల ఘోర పరాజయం. సరిగ్గా పదేళ్ళ క్రితం అడుగుపెట్టిన కలకత్తా మైదానంలోనే, అదే డిసెంబరు 31న ఆరంభమైన ఆ మ్యాచి ఆయన చివరి టెస్టు. సిరీస్ ముగియకుండానే తప్పుకున్నారు. అంతటి ఓర్పుకూ ఒక హద్దు ఉన్నదని అది తెలిపింది.

అయినను ఆటపై అలిగి కూర్చోలేదు. 1975 నుండి 1980 వరకు భారత క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. 1983లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టును ఎంపిక చేసిన సంఘానికి అధ్యక్షులు ఆయనే. 22 టెస్టులలో 68 వికెట్లు తీసిన ఆ శ్రమజీవి 1998 అక్టోబరు 28న కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! మన జంగారెడ్డిగూడెం మైదానాలలో రెండు ఓవర్లు వేసి వికెట్టు పడకపోతే బంతిని పక్కవానికి అప్పగించేవారు కలరు. పరీక్షలలోనూ మన తీరు అదే కదా! వారొకసారి ఆ 555 బంతులను తలచుకొందురు గాక!